సూత్రం తెలంగాణకు, సర్దుబాటు సీట్లకు!

ఎన్నికలు దగ్గర పడ్డప్పుడల్లా నల్లగొండ, ఖమ్మం జిల్లాల పల్లెల్లో ఎర్రజెండా పట్టినోళ్లకు ఒక్కటే గోస. ఈసారి ఏ గుర్తుకు వెయ్యాలె? పార్టీ మారలేదు, జెండా మారలేదు, యూనియన్ చందా రసీదు మారలేదు. గుర్తు మాత్రం మారుతుంది. పోలింగ్ ఇంకో నెల ఉందనగా హైదరాబాద్ నుంచి ఒక ప్రకటన వెలువడుతుంది. దాంతో నిన్నటి బూర్జువా పార్టీ నేడు ప్రజాస్వామిక శక్తి అయిపోతుంది. నిన్నటి మిత్రపక్షం మళ్లీ నిరంకుశం అయిపోతుంది. ఇంటింటికీ తిరిగే కార్యకర్త మాత్రం నిన్న తానే చెప్పిన మాటకు ఇవాళ జవాబు చెప్పలేక తల దించుకుంటాడు.

ఈ గోసకు మునుగోడును మించిన సాక్ష్యం లేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మర్రిగూడ, నాంపల్లి మండలాలున్న నియోజకవర్గం అది. ఐదుసార్లు కంకి కొడవలి గెలిచిన గడ్డ. 2022లో అక్కడి కాంగ్రెస్ ఎమ్మెల్యే కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి పదవికి రాజీనామా చేసి బీజేపీలోకి పోయారు. ఉప ఎన్నిక వచ్చింది. సీపీఐ, సీపీఎం రెండూ టీఆర్ఎస్‌కు మద్దతు పలికాయి. మతతత్వ బీజేపీని ఓడించడమే ప్రధాన కర్తవ్యమని, మిగతా తగాదాలు తర్వాత చూసుకుందామని చెప్పాయి. ఎర్రజెండా ఓటరు ఆ మాట నమ్మి కారు గుర్తు మీద నొక్కాడు. టీఆర్ఎస్ 10,309 ఓట్లతో గెలిచింది. ఎర్రజెండా ఓటు లేకుంటే ఆ మెజారిటీ నిలిచేదా? మాకైతే అనుమానమే.

సరిగ్గా ఏడాది తర్వాత, 2023 నవంబరులో, శాసనసభ ఎన్నికలు. రాజగోపాల్ రెడ్డి మళ్లీ కాంగ్రెస్ గూటికే వచ్చారు. సీపీఐ కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుంది కాబట్టి వాళ్ల ఓటరు చెయ్యి గుర్తుకు వెయ్యాలి. సీపీఎం ఒంటరిగా పోటీ చేస్తున్నది కాబట్టి వాళ్ల ఓటరు సుత్తి కొడవలి నక్షత్రానికి వెయ్యాలి. ఒకే వాడ, ఒకే కూలి పని, ఏడాది కింద ఒకే ట్రాక్టరెక్కి సభకు పోయిన మనుషులు. ఇప్పుడు చెరో దిక్కు.

ఆ తర్వాత ఆరు నెలలకు, 2024 మే నెలలో, లోక్‌సభ ఎన్నికలు. మునుగోడు భువనగిరి లోక్‌సభ పరిధిలో ఉంది. రాష్ట్రంలో మిగతా 16 స్థానాల్లో బీజేపీని నిలువరించడానికి కాంగ్రెస్‌ను బలపరుస్తామన్న సీపీఎం, ఒక్క భువనగిరిలో మాత్రం సొంత అభ్యర్థిని నిలిపింది. అక్కడ రెండో స్థానంలో నిలిచింది ఎవరు? బీజేపీ! అంటే 2022లో ఏ ప్రమాదాన్ని చూపించి మునుగోడు ఓటరుతో కారు గుర్తు నొక్కించారో, అదే ప్రమాదం 2024లో అదే ఓటరు ముందు నిలబడితే దాన్ని పట్టించుకోవద్దన్నారు. పక్కనే ఉన్న నల్లగొండ లోక్‌సభ పరిధిలోని కామ్రేడ్‌కు మాత్రం చెయ్యి గుర్తుకు వెయ్యమన్నారు. 18 నెలల్లో మూడు ఎన్నికలు, మూడు రకాల పాఠాలు.

ఈ మూడింటి కాలంలోనూ తెలంగాణలో సీపీఎం రాష్ట్ర కార్యదర్శి తమ్మినేని వీరభద్రం. అందుకే మేం ఆయన్నే అడుగుతున్నాం. వ్యక్తిగతంగా ఆయనతో మాకు తగాదా లేదు. 1996లో ఖమ్మం నుంచి లోక్‌సభకు, 2004లో శాసనసభకు గెలిచిన నాయకుడు. 2016 అక్టోబరు నుంచి 2017 మార్చి దాకా సామాజిక న్యాయం నినాదంతో రాష్ట్రమంతా నాలుగు వేల కిలోమీటర్లకు పైగా కాలినడకన తిరిగిన మనిషి. ఆ వయసులో ఎండలో అంత నడిచినవాణ్ని పట్టుకుని ఊరికే మాట అనడం మా పద్ధతి కాదు. కానీ నడిచిన కాళ్లను మెచ్చుకున్నంత మాత్రాన, ఆ నడక చివర ఓటరును ఎక్కడ దించారో అడగకుండా ఉండలేం.

రెండు సీట్ల లొల్లి

2023లో ఏం జరిగిందో ఒకసారి యాది చేసుకుందాం. మునుగోడు గెలుపు తర్వాత వామపక్షాల నేతలు కేసీఆర్‌తో పొత్తు ఖాయమనుకున్నారు. ఆగస్టు 21న ఆయన 119 స్థానాలకు 115 మంది అభ్యర్థులను ఒక్కసారే ప్రకటించారు. సీపీఐకి లేదు, సీపీఎంకు లేదు. పెండ్లికి పిలుస్తారని ఇస్త్రీ బట్టలు వేసుకుని కూర్చుంటే, పెండ్లి అయిపోయిందని కబురొచ్చినట్టయింది. అక్కడినుంచి కాంగ్రెస్ గడప తొక్కారు. పాలేరు, భద్రాచలం అడిగారు. చివరికి వైరా, మిర్యాలగూడ దగ్గరికి దిగొచ్చారు. అదీ కుదరలేదు. నవంబరు 2న ఒంటరి పోరు ప్రకటించారు. మొత్తం 19 చోట్ల అభ్యర్థులను పెట్టారు. పాలేరులో స్వయంగా వీరభద్రమే నిలబడ్డారు.

గమనించండి. ఆగస్టు 20 దాకా ప్రధాన ప్రమాదం బీజేపీ, మిత్రుడు బీఆర్ఎస్. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ప్రధాన ప్రమాదం బీజేపీ, దాంతోపాటు బీఆర్ఎస్ కూడా, మిత్రుడు కాంగ్రెస్. నవంబరు 2 తర్వాత ఎవరూ మిత్రులు కారు. ఈ మూడు నెలల్లో దేశంలో బీజేపీ ఏమన్నా బలహీనపడ్డదా? వర్గ పొందిక ఏమన్నా మారిందా? ఢిల్లీలో అదే సీపీఎం, అదే కాంగ్రెస్ ఇండియా కూటమి వేదిక మీద పక్కపక్క కుర్చీల్లోనే ఉన్నాయి కదా! మారింది ఒక్కటే. రెండు సీట్లు దక్కలేదు.

కాంగ్రెస్ చేసింది మంచిపని అని మేం అనం. పెద్దపార్టీలు వామపక్షాలను ఎన్నికలప్పుడు వాడుకుని కరివేపాకులా తీసి పారేయడం కొత్త సంగతి కాదు. కేసీఆర్ చేసిందీ అదే. ఇచ్చిన మాట తప్పినోణ్ని తిట్టే హక్కు సీపీఎంకు ఉంది. కానీ మాట ఇచ్చింది ఎవరికి? హైదరాబాద్‌లో నలుగురు నాయకులకు. తిప్పలు పడ్డది ఎవరు? 19 నియోజకవర్గాల్లో నామినేషన్ల ముందు రోజు దాకా ఏ జెండా కింద తిరగాలో తెల్వక పరేషానైన వేలమంది కార్యకర్తలు. ఆత్మగౌరవం దెబ్బతిన్నదని పార్టీ చెప్పుకుంది. ఆత్మగౌరవం అనే మాట మాకూ తెలుసు. ఆ మాట కోసమే ఈ గడ్డ మీద ఉద్యమం నడిచింది. అది సీట్ల సంఖ్యతో పెరిగి తరిగే సరుకు కాదని ఆ ఉద్యమంలో లాఠీదెబ్బలు తిన్న ఏ విద్యార్థినడిగినా చెప్తాడు.

పాలేరు సంగతే చూడండి. అక్కడ వీరభద్రానికి ఎదురు నిలిచిన కాంగ్రెస్ అభ్యర్థి పొంగులేటి శ్రీనివాసరెడ్డి. ఈ పొంగులేటి 2014లో ఎవరు? వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున ఖమ్మం లోక్‌సభ గెలిచిన వ్యక్తి. ఆ ఎన్నికల్లో ఖమ్మం జిల్లాలో వైఎస్సార్ కాంగ్రెస్‌తో సర్దుబాటు చేసుకున్న పార్టీ ఏది? సీపీఎం! తెలంగాణ బిల్లు పార్లమెంటులో గట్టెక్కి మూడు నెలలు కాలేదు. సమైక్య నినాదంతో ఊరేగిన పార్టీతో తెలంగాణ నడిగడ్డ మీద చెయ్యి కలిపి, ఎర్రజెండా ఓటరుతో ఫ్యాన్ గుర్తు నొక్కించారు. తొమ్మిదేండ్లకు అదే మనిషి మీద అదే ఓటరును సుత్తి కొడవలి నక్షత్రం నొక్కమన్నారు. ఓటరు ఏం చేశాడు? పొంగులేటికి 56 వేల పైచిలుకు మెజారిటీ ఇచ్చి పంపాడు. నొక్కడం నేర్పిందీ మీరే, అలవాటు చేసిందీ మీరే. ఇప్పుడు వెనక్కి తీసుకోమంటే ఎట్ల?

చీల్చడానికి ఓట్లుండాలి కదా!

ఓట్లు చీలుస్తున్నాడని 2023లో కాంగ్రెసోళ్లు వీరభద్రం మీద గుస్సా అయ్యారు. మాకైతే అది ఆయనకు చేసిన మర్యాదే అనిపించింది. పంతొమ్మిది చోట్ల పోటీచేసిన సీపీఎంకు రాష్ట్రమంతా పోలైన ఓట్లలో వచ్చింది 0.22 శాతం. నూటికి పావు ఓటు కూడా కాదు. ఎక్కడా డిపాజిట్ దక్కలేదు. పాత ఖమ్మం జిల్లాలోని పది స్థానాల్లో కాంగ్రెస్ ఎనిమిది, దానితో పొత్తున్న సీపీఐ కొత్తగూడెంలో ఒకటి గెలిచాయి. బీఆర్ఎస్‌కు దక్కింది ఒక్క భద్రాచలం. అక్కడ కాంగ్రెస్ ఓడింది ఆరు వేల లోపు ఓట్లతో. అక్కడా సీపీఎం అభ్యర్థి ఉన్నాడు కాబట్టి ఆ ఒక్క చోట చీలిక లెక్క మాట్లాడుకోవచ్చు. మిగతా చోట్ల చీల్చడానికి చేతిలో ఏమీ మిగల్లేదు.

అయితే చీలిక జరగలేదా అంటే జరిగింది. చీలింది కాంగ్రెస్ ఓటు కాదు, ఎర్రజెండా ఓటు. 2023 సెప్టెంబరులో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు కేంద్రాలకు తాళాలేసి సమ్మెకు దిగారు. సీఐటీయూ, ఏఐటీయూసీ ఒకే టెంటు కింద కూర్చున్నాయి. కలెక్టరేట్ల ముందు రెండు యూనియన్ల అక్కచెల్లెళ్లు ఒకే నినాదమిచ్చారు. టెంటు తీసి రెండు నెలలు కాకముందే ఓట్లొచ్చాయి. ఒక యూనియన్ వెనకున్న పార్టీ కాంగ్రెస్‌కు వెయ్యమంది. ఇంకో యూనియన్ వెనకున్న పార్టీ కాంగ్రెస్‌ను ఓడించమంది. జీతం కోసం కలిసినోళ్లను ఓటు కోసం విడగొట్టారు. ఇది నాయకత్వం చేసే పనేనా?

ఇంత పెద్ద యూనియన్లు ఉన్నాయి, మున్సిపల్ కార్మికులున్నారు, ఆశా వర్కర్లున్నారు, హమాలీలున్నారు. మరి ఓట్లెందుకు రావు? ఈ ప్రశ్నకు పార్టీ మహాసభల్లో పెద్దపెద్ద జవాబులు వినబడతాయి. డబ్బు రాజకీయాలు, కులం, మీడియా, నయా ఉదారవాదం. అన్నీ నిజమే కావచ్చు. కానీ దగ్గరగా ఉన్న జవాబు ఒకటుంది. పోరాటానికి మాది, ఓటుకు ఇంకెవరిదో అని కార్మికునికి నలభయ్యేండ్లుగా నేర్పింది పార్టీయే. ఎన్టీ రామారావు కాలం నుంచి మొదలుపెడితే ఆ పాఠం ఎన్నిసార్లు తిరగరాశారో లెక్కలే చెబుతాయి. 1994లో తెలుగుదేశంతో కలిసి సీపీఐ 19, సీపీఎం 15 గెలిచాయి. 1999లో ఆ అండ లేకపోయేసరికి సీపీఐకి సున్నా, సీపీఎంకు రెండు. 2004లో కాంగ్రెస్ పక్కన చేరితే సీపీఎంకు 9, సీపీఐకి 6. 2009లో మళ్లీ తెలుగుదేశం పక్కకు వెళితే సీపీఐకి 4, సీపీఎంకు ఒక్కటి. తెలంగాణ వచ్చాక 2014లో చెరొకటి. 2018లో రెండింటికీ సున్నా. అద్దెకున్న ఇంటి గోడలకు సున్నం వేస్తూ, సొంతిల్లు ఎప్పుడు కూలిందో చూసుకోలేదు.

2018 గురించి కూడా ఒక మాట. అప్పుడు సీపీఎం బహుజన లెఫ్ట్ ఫ్రంట్ పెట్టింది. బీసీ ముఖ్యమంత్రి అన్నది. పెద్దపార్టీలు టికెట్ ఇవ్వని కులాలకు టికెట్లిచ్చింది. ఆ ఆలోచన చెడ్డదని మేం ఎన్నడూ అనలేదు. దొరల పెత్తనం పోవాలన్న తెలంగాణలో ఆ మాట ఎవరో ఒకరు అనాల్సిందే. కానీ ఆ ఫ్రంటుకు ఆయుష్షెంత? ఎన్నికలైపోయినాక ఆ బహుజన కామ్రేడ్లను చేయిపట్టి నడిపించిందెవరు? 2022 నాటికి అదే పార్టీ మునుగోడులో కేసీఆర్ సభల్లో కనబడింది. నాలుగేండ్ల కింద బీసీ రాజ్యం అని గోడల మీద రాసినోడు ఆ రాతను తానే చెరిపేసుకోవాల్సి వచ్చింది. ఒక్క ఎన్నికకే సరిపోయే సూత్రాన్ని సూత్రమంటారా?

వంగని నడుము

ఇక్కడే అసలు మతలబు ఉంది. ఈ పార్టీకి సూత్రం అంటే ప్రాణం అని మనకు ఎప్పుడు తెలిసింది? తెలంగాణ అడిగినప్పుడు!

చరిత్ర తెలిసినోళ్లకు తెలంగాణ పల్లె, కమ్యూనిస్టు జెండా వేరువేరు కాదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఆ సంగం కోసమే. పాలకుర్తి ఐలమ్మ తన పంట కోసం దొర మీద తిరగబడ్డది ఆ సంగం అండతోనే. 1952లో పార్టీ మీద నిషేధముంటే పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీచేస్తే హైదరాబాద్ శాసనసభలో 42 సీట్లిచ్చారు మన తాతలు. రావి నారాయణరెడ్డికి నల్లగొండ నుంచి నెహ్రూకు కూడా రానన్ని ఓట్లేసి లోక్‌సభకు పంపారు. అంత ప్రేమ ఇచ్చిన జనానికి పార్టీ ఏమిచ్చింది? విశాలాంధ్ర ఇచ్చింది! 1955లో ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను కొంతకాలం వేరుగానే ఉంచాలని, తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే కలపాలని చెప్పింది. దాన్ని కాదని విలీనం కోసం ముందుండి అరిచినవాళ్లలో కమ్యూనిస్టులున్నారు. భూమి కోసం ప్రాణాలిచ్చిన రైతుకూలీని, ఆ భూమి ఏ రాష్ట్రంలో ఉండాలని ఒక్కసారన్నా అడిగారా?

1969లో పిల్లలు తూటాలకు బలవుతుంటే కూడా రెండు కమ్యూనిస్టు పార్టీలూ ప్రత్యేక రాష్ట్రం వద్దన్నాయి. 1971లో తెలంగాణ ప్రజాసమితి 14 లోక్‌సభ స్థానాల్లో పది గెలిచింది. నిజం చెప్పాలంటే ఆ గాలిలో కూడా మిర్యాలగూడ నుంచి సీపీఎం భీమిరెడ్డి నర్సింహారెడ్డి గెలిచారు. పార్టీ విధానం నచ్చకపోయినా, సాయుధ పోరాటంలో తమకోసం తుపాకి పట్టిన మనిషి మీద జనానికున్న నమ్మకం అది. అదే మిర్యాలగూడలో 2023లో సీపీఎంకు డిపాజిట్ రాలేదు. ఆ యాభయ్యేండ్లలో కరిగింది ఏమిటో పార్టీ పెద్దలు కూర్చుని ఆలోచించాలి.

మలిదశ ఉద్యమంలో సీపీఐ దారి మార్చుకుంది. తెలంగాణ కావాలన్నది. న్యూడెమోక్రసీ జేఏసీలో ఉండి కొట్లాడింది. సీపీఎం మాత్రం భాషాప్రయుక్త రాష్ట్రాల సూత్రం నుంచి ఇంచు కదల్లేదు. 2010 జనవరి 5న ఢిల్లీలో ఎనిమిది పార్టీల సమావేశంలో సీపీఐ తెలంగాణ కావాలంటే, సీపీఎం సమైక్యమే తమ విధానమంది. యూనివర్సిటీ హాస్టళ్లలో పిల్లలు ఒంటికి నిప్పంటించుకుంటుంటే కూడా సూత్రం వంగలేదు. 2014 ఫిబ్రవరిలో బిల్లు పార్లమెంటు దాటే నాటికీ వంగలేదు. మంచిది. సూత్రానికి కట్టుబడ్డారు, అభినందిద్దాం అనుకుందామా?

అనుకోవడానికి వీల్లేదు. ఎందుకంటే అదే కాలంలో అదే పార్టీ 2004లో టీఆర్ఎస్ ఉన్న కాంగ్రెస్ కూటమిలో ఉంది. యూపీఏ ఉమ్మడి కార్యక్రమంలో తెలంగాణ మాట ఉన్నా సరే, 43 మంది ఎంపీలతో ఆ ప్రభుత్వాన్ని బయటినుంచి మోసింది. ఏకాభిప్రాయం రావాలని కాంగ్రెస్ కాలయాపన చేసిన ఆ నాలుగేండ్లూ, ఏకాభిప్రాయం లేదని చూపించడానికి ఈ పార్టీ కాంగ్రెస్‌కు చేతికర్రలా పనికొచ్చింది. 2008 జూలైలో అణు ఒప్పందం మీద మద్దతు తీసేసింది. 2009లో తెలుగుదేశం, టీఆర్ఎస్, సీపీఐలతో కలిసి మహాకూటమిలో కూర్చుంది. అంటే తెలంగాణ వద్దంటూనే, తెలంగాణ కావాలన్న మూడు పార్టీల పక్కన సీట్లు పంచుకుంది! బి.వి.రాఘవులు రాష్ట్ర కార్యదర్శిగా ఉన్న కాలం అది. అంటే ఇది ఒక్క వీరభద్రంతో మొదలైన జబ్బు కాదు. కుర్చీలో మనిషి మారినా చిట్టా అదే.

మేం అడిగేది ఇదే. నాలుగు కోట్ల మంది గుండె చప్పుడు కోసం వంగని సూత్రం, రెండు సీట్ల కోసం ఐదేండ్లకోసారి ఎట్లా వంగుతున్నది? తెలంగాణ అంటే సిద్ధాంతం అడ్డొచ్చింది. వైఎస్సార్ కాంగ్రెస్ అంటే రాలేదు. తెలుగుదేశం అంటే రాలేదు. కారు అంటే రాలేదు. ప్రజలు అడిగినప్పుడు ఇనుపకడ్డీ, పార్టీలు పిలిచినప్పుడు తడిమట్టి. అందుకే ఓటరుకు ఈ పార్టీ ఎన్నికల మాట మీద నమ్మకం పోయింది. ఓటర్లను చీల్చే నాయకుడని మేం అంటున్నది ఈ అర్థంలోనే.

రాష్ట్రం వద్దన్నవాళ్లకు కూడా 2014లో తెలంగాణ రాష్ట్ర కమిటీ ఏర్పడింది, దానికి కార్యదర్శి పదవీ వచ్చింది. సంతోషం. మాకు ఈర్ష్య లేదు. ఆ కమిటీ మొదటి సమావేశంలోనే, ఈ రాష్ట్రం కోసం నడిచిన జనంతో ఎక్కడ తెగిందో, ఎట్లా అతికించుకోవాలో మాట్లాడుకుని ఉంటే ఇవాళ ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదు.

రాజయ్య బస్సు

ఇంత రాసినా ఎర్రజెండా కింద ఉన్న మనుషులను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అట్లా ఎవరన్నా చదువుకుంటే అది వాళ్ల ఇష్టం. సున్నం రాజయ్య గురించి చెప్పకుండా ఈ మాట ముగించలేం. భద్రాచలం నుంచి 1999, 2004, 2014లలో సీపీఎం తరఫున గెలిచిన ఆదివాసీ బిడ్డ. ఎమ్మెల్యే అయి కూడా బస్సెక్కి అసెంబ్లీకి వచ్చిన మనిషి. తెలంగాణ తొలి శాసనసభలో సీపీఎంకున్న ఒకే ఒక్క గొంతు ఆయనది.

ఆ గొంతుకు ఏమైంది? 2014లోనే పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపేశారు. జూలైలో పార్లమెంటు దానికి చట్టం చేసింది. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాలు, పట్టణం మినహా భద్రాచలం మండలం పోయాయి. రాజయ్య సొంత ఊరు సున్నంవారిగూడెం వరరామచంద్రపురం మండలంలోనే ఉంది. అంటే తెలంగాణ అసెంబ్లీకి గెలిచిన ఎమ్మెల్యే ఇల్లు పక్క రాష్ట్రంలో పడింది. తనకు ఓటేసిన కోయ గూడేల్లో ఎన్నో రాత్రికి రాత్రి తెలంగాణ కాకుండా పోయాయి. 2019లో ఆయన ఆంధ్రప్రదేశ్‌లోని రంపచోడవరం నుంచి పోటీచేయాల్సి వచ్చింది. 2020 ఆగస్టులో కరోనాకు బలైపోయారు.

తెలంగాణలో సీపీఎం పునాది ఏదైనా మిగిలిందంటే అది ఈ పోడు భూముల మీదే. పట్టా లేని భూమి, ఫారెస్టోళ్ల కేసులు, మునిగిపోయే ఊళ్లు. ఇక్కడ పార్టీ అడిగితే జనం ఏ గుర్తుకైనా వేస్తారు, అడిగింది రాజయ్య లాంటివాడైతే. కానీ 2023లో ఆ భద్రాచలం పార్టీకి ఏమైంది? బేరంలో ఒక చీటీ అయింది. పాలేరు, భద్రాచలం అని మొదలుపెట్టి, వైరా, మిర్యాలగూడ దగ్గరికి వచ్చేసరికి భద్రాచలం పేరు జాబితాలోంచి జారిపోయింది. బేరం చెడినాక మళ్లీ అక్కడ అభ్యర్థి లేచాడు. చివరికి అక్కడ బీఆర్ఎస్ గెలిచింది, గెలిచినాయన 2024 ఏప్రిల్‌లో కాంగ్రెస్‌లో చేరిపోయారు. ఒంటరి పోరుతో కోయ గూడెం బాగుపడ్డదీ లేదు, పొత్తుతో బాగుపడేదీ ఏమిటో ఎవరూ చెప్పలేదు. పోడు పట్టాల మీద కాంగ్రెస్‌తో ఒక రాతకోత ఒప్పందం కావాలని పట్టుబట్టి, అది ఇవ్వలేదు కాబట్టి విడిపోతున్నామని అంటే మేం ఆ పార్టీకి చెప్పట్లు కొట్టేవాళ్లం. విడిపోయింది పట్టాల మీద కాదు, టికెట్ల మీద.

సీపీఐ సుద్దపూస అని కూడా మేం అనడం లేదు. 2018లో తెలుగుదేశం ఉన్న ప్రజాకూటమిలో చేరి మూడు సీట్లు తీసుకుని మూడూ పోగొట్టుకున్నారు. 2023లో ఒక్క సీటుకు తలొగ్గి కొత్తగూడెంలో కూనంనేని సాంబశివరావును గెలిపించుకున్నారు, 2025 మార్చిలో ఒక ఎమ్మెల్సీ పదవి దక్కించుకున్నారు. వాళ్ల లెక్క వాళ్లకు తేలింది. కాంగ్రెస్ గెలుపులో వాటా తీసుకున్నోళ్లు కాంగ్రెస్ మీద గొంతెంత ఎత్తుతారో చూడాల్సే ఉంది. కానీ ఒక్క తేడా ఒప్పుకోవాలి. 2023లో వాళ్ల ఓటరుకు ఏ గుర్తుకు వెయ్యాలో తెలుసు.

2025 జనవరిలో సంగారెడ్డి మహాసభలో సీపీఎంకు కొత్త రాష్ట్ర కార్యదర్శి వచ్చారు, జాన్ వెస్లీ. ఇంకో సాధారణ ఎన్నిక 2028లో రావాలి. ఆయనకు మా వైపు నుంచి ఒక్క సూచన. ఈసారి పొత్తు పెట్టుకుంటారో, ఒంటరిగానే నిలుస్తారో, అది మీ ఇష్టం. కానీ ఆ మాట హైదరాబాద్‌లో తేల్చి పల్లెకు పంపకండి. మునుగోడులోనో, మధిరలోనో, భద్రాచలంలోనో గ్రామశాఖలను ముందు కూర్చోబెట్టి అడగండి. పొత్తు కావాలంటే దేనికోసం, పోడు పట్టాకా, అంగన్‌వాడీ జీతానికా, కౌలురైతుకా, కాగితం మీద రాసి ఊరి గోడకు అంటించండి. అది నామినేషన్ల ముందు రోజు కాదు, ఏడాది ముందే జరగాలి. అప్పటికీ సీట్లు కుదరకపోతే విడిపోండి, ఏ పేరా దగ్గర విడిపోయారో అదే గోడ మీద మళ్లీ రాయండి.